చాటదాకా రాని ఊరట

కోరుట్లలో ఏ బియ్యం దుకాణం ముందు నిలబడ్డా 26 కిలోల బస్తాలు కనిపిస్తాయి. ఆ ఆఖరి కిలో ఎందుకొచ్చిందో దుకాణం ఆయనకు తెలుసు, మిల్లు యజమానికి తెలుసు; బస్తా ఇంటికి తెచ్చుకునేవాళ్లలో చాలామందికి తెలియదు. ప్యాక్ చేసి లేబుల్ వేసిన బియ్యం 25 కిలోల వరకు ఉంటే 5 శాతం జీఎస్టీ కట్టాలని 2022 జూలై 18 నుంచి నిబంధన వచ్చింది. 25 దాటితే పన్ను లేదు. మిల్లర్లు ఇంకో కిలో పోసి సంచి కుట్టారు. నెలకు సరిపడా బస్తా ఒకేసారి కొనగలిగిన ఇంటికి అలా పన్ను తప్పిపోయింది. ఆ వారం చేతికొచ్చిన డబ్బుతో ఐదు కిలోల ప్యాకెట్టో పది కిలోల ప్యాకెట్టో కొనుక్కునే ఇంటికి తప్పలేదు.

"గా పన్నుల ముచ్చట మనకెందుకు బిడ్డా? మనమేడ కడుతున్నం, షావుకార్లు కడతరు గని" అనేది మా పెద్దమ్మ. ఒళ్లో చాట, చాటలో తడిపి కత్తిరించిన తునికాకు, పక్కన తంబాకు. మాట్లాడుతున్నంతసేపూ ఆమె వేళ్లు ఆగేవి కావు. ఆకు మీద తంబాకు పరిచి, చుట్టి, దారం కట్టి, కొస లోపలికి నొక్కి పక్కన పడేసేది. మళ్లీ ఇంకో ఆకు. ఆమె అన్నదాంట్లో సగమే నిజం. ఆదాయపు పన్ను కార్యాలయం గడప ఆమె ఎన్నడూ తొక్కలేదు. కానీ తలకు రాసుకున్న నూనె మీద, ఒంటికి రుద్దుకున్న సబ్బు మీద, కొడుకు బండిలో పోయించిన పెట్రోలు మీద, చివరికి ఆమె చుట్టిన ఆ బీడీ మీద కూడా పన్ను ఉంది.

కష్టం చేసుకుని బతికే కుటుంబాలకు పన్ను ఊరట ఇచ్చామని ప్రతి బడ్జెట్‌లోనూ వింటాం. ఆ ఊరట నిజంగా ఎంత, ఎవరి ఇంటిదాకా వచ్చింది అని తేల్చుకోవడానికి జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్లలకు మించిన చోటు నాకు కనిపించదు. ఇక్కడి ఇళ్లలో ఒకరు బీడీలు చుడతారు, ఒకరు మరమగ్గాల మీద పనిచేస్తారు, ఒకరు గల్ఫ్‌లో ఉంటారు. సర్కారు నౌకరీ ఉన్న ఇల్లు పది ఇళ్ల మధ్య వేరుగా కనిపిస్తుంది.

ముందు ఆ నౌకరీ ఉన్న ఇంటి లెక్కే చూద్దాం. 2025 ఫిబ్రవరి 1 నాటి కేంద్ర బడ్జెట్‌లో కొత్త విధానం కింద ఏడాదికి 12 లక్షల రూపాయల వరకు ఆదాయపు పన్ను ఉండదన్నారు. జీతగాళ్లకు 75 వేల ప్రామాణిక మినహాయింపు కూడా కలుపుకుంటే 12 లక్షల 75 వేలు. జగిత్యాలలో సరిగ్గా అంత జీతం అందుకునే సీనియర్ ప్రభుత్వ ఉపాధ్యాయుడు ఉన్నాడనుకుందాం. అంతకు ముందు ఏడాది అదే జీతానికి, అదే కొత్త విధానంలో, పన్ను 80 వేలు. దానిపై 4 శాతం సెస్సు కలిపితే 83,200 రూపాయలు. ఇప్పుడది సున్నా. నెలకు దాదాపు 7 వేలు ఇంట్లో మిగిలినట్టు. పిల్లల ఇంజినీరింగ్ ఫీజులు, ఇంటి అప్పు కిస్తీలు మోసేవాళ్లకు ఇది చిన్న సంగతి కాదు, వాళ్లకు ఇచ్చింది తప్పూ కాదు. ఈ ఒక్క నిర్ణయంతో సుమారు లక్ష కోట్ల రూపాయల ప్రత్యక్ష పన్ను ఆదాయం వదులుకుంటున్నామని కేంద్రమే చెప్పింది.

అదే జగిత్యాలలో ఒక ప్రైవేటు బడిలో నెలకు 16 వేలకు పాఠాలు చెప్పే పంతులమ్మకు ఈ లక్ష కోట్లలో పైసా రాలేదు. ఆమె అంతకు ముందు కూడా ఆదాయపు పన్ను కట్టలేదు కాబట్టి, తగ్గించడానికి ఏమీ లేదు. పన్ను తగ్గింపు అనే మాటలోనే ఉన్న చిక్కు ఇది: కట్టేవాడికే తగ్గుతుంది. ఈ చిక్కును అమెరికా 1975లోనే గుర్తించింది. పనిచేసి తక్కువ సంపాదించే కుటుంబాలకు అక్కడ ఒక పన్ను జమ ఉంటుంది. కట్టాల్సిన పన్ను కంటే ఆ జమ ఎక్కువైతే మిగిలిన మొత్తాన్ని ప్రభుత్వమే వాళ్లకు పంపిస్తుంది. బ్రిటన్ 1999లో శ్రామిక కుటుంబాల పన్ను జమ పేరుతోనే ఒక పథకం నడిపింది. పనిచేసేవాళ్లలో చాలామంది పన్ను లెక్కల్లో నమోదై ఉండే దేశాల్లో అది సాగుతుంది. మన దగ్గర చాట ముందు కూర్చున్న మనిషికి రిటర్ను ఎక్కడిది? ఆమెను చేరాలంటే రెండే దారులు: ఆమె కొనే సరుకు మీద పన్ను, ఆమె చేసే పని మీద పన్ను.

పని మీద పన్ను ఎలా ఉంటుందో సిరిసిల్ల చెబుతుంది. అక్కడ మరమగ్గాన్ని సాంచా అంటారు. నాలుగో ఎనిమిదో సాంచాలు పెట్టుకున్నవాడు ఆసామి. షావుకారు నూలు ఇస్తే ఆసామి బట్ట నేయించి ఇస్తాడు, మీటరు లెక్కన కూలి తీసుకుంటాడు. ఆసామి దగ్గర కార్మికుడు, కార్మికుడితో పాటు కండెలు చుట్టే ఇంటి ఆడవాళ్లు, బీములు నింపే వార్పిన్ కార్మికులు. ఈ గొలుసులో నూలు మీద వేసిన పన్ను చివరి కండె దాకా తగులుతుంది.

2017 జూలై 1న జీఎస్టీ వచ్చినప్పుడు పాలిస్టర్ నూలు మీద పన్ను 18 శాతం, అదే ఏడాది అక్టోబరు నుంచి 12 శాతం; దాంతో నేసిన బట్ట మీద 5 శాతం. లక్ష రూపాయల నూలు కొన్నవాడు 12 శాతం లెక్కన చూసినా 12 వేలు ముందే కట్టాల్సి వచ్చేది. బట్ట అమ్మినప్పుడు 5 శాతమే వసూలయ్యేది. మధ్యలో మిగిలిపోయిన పన్ను తిరిగి ఇచ్చేవారు కాదు. బట్టలకు ఆ వాపసు ఉండదని మొదట్లోనే నిబంధన పెట్టారు. 2018 ఆగస్టు 1 నుంచి వాపసుకు ఒప్పుకున్నారు గానీ, అప్పటిదాకా పేరుకున్నది రద్దయింది. పెద్ద మిల్లుకు ఇది ఖాతా పుస్తకంలో ఒక పద్దు. వడ్డీకి డబ్బు తెచ్చి నూలు కొనే చిన్న యజమానికి మాత్రం ఇది వచ్చే వారం కార్మికుడి కూలి. వాపసు వచ్చే రోజులు మొదలయ్యాక కూడా అది చేతికందేదాకా వడ్డీ ఆగదు.

ఈ ముడిని విప్పడానికి ఢిల్లీ రెండుసార్లు ప్రయత్నించింది. మొదటిసారి 2021 సెప్టెంబరులో. నూలు మీద తగ్గించడం కాకుండా బట్ట మీద కూడా 12 శాతం వేస్తే లెక్క సమం అవుతుందని జీఎస్టీ మండలి నిర్ణయించింది. 2022 జనవరి 1 నుంచి అమలు అన్నారు. తెలంగాణ సహా పలు రాష్ట్రాలు గట్టిగా వద్దన్నాయి. ఒక్క రోజు ముందు, డిసెంబరు 31న, దాన్ని వాయిదా వేశారు. రెండోసారి 2025 సెప్టెంబరు 3న. ఈసారి నూలునే 12 నుంచి 5 శాతానికి దించారు, సెప్టెంబరు 22 నుంచి అమలైంది. లక్ష నూలుకు ముందు కట్టాల్సింది 12 వేల నుంచి 5 వేలకు దిగింది. లెక్క ఎటువైపు సమం చేసినా కాగితం మీద ఒకటే. సిరిసిల్ల బజారులో మాత్రం ఒకటి సాంచాను ఆపేది, రెండోది నడిపించేది. ఎనిమిదేళ్లు ఆలస్యమైనా ఇది నిజమైన ఊరట అని నేను నమ్ముతాను. నేత మీద జీఎస్టీ విషయంలో ఇక్కడివాళ్ల గొంతు కొత్తది కాదు. చేనేత మీద 5 శాతం ఎత్తేయాలని 2022 అక్టోబరులో అప్పటి చేనేత, జౌళి శాఖ మంత్రి, సిరిసిల్ల శాసనసభ్యుడు కె. తారక రామారావు ప్రధానికి పోస్టుకార్డులు రాసే ఉద్యమం మొదలుపెట్టారు. ఖాదీ సంస్థల ద్వారా అమ్మే ఖాదీ బట్టకు పన్ను లేకపోవడం మెట్‌పల్లి ఖాదీని ఎరిగిన ఈ ప్రాంతానికి తెలిసిందే. ఖాదీకి ఇచ్చింది చేనేతకు ఎందుకు ఇవ్వరన్న ప్రశ్నకు నాకు సరైన జవాబు ఇంతవరకు దొరకలేదు.

పన్ను ఒక్కటే సాంచాను నడపదు. మరమగ్గాలకు కరెంటు బిల్లులో 50 శాతం రాయితీ ఇక్కడ పన్ను తగ్గింపు కంటే ఎక్కువ పని చేసింది.   2017 నుంచి సర్కారు ఇచ్చిన బతుకమ్మ చీరల ఆర్డరు వేల ఇళ్లలో పొయ్యి వెలిగించింది. 2024లో ఆ చీరలు ఆగిపోయినప్పుడు సాంచాల చప్పుడు తగ్గింది. 2025లో మహిళా సంఘాలకు ఇందిరమ్మ చీరల ఆర్డరు వచ్చాక మళ్లీ కొంత కదిలింది. ఆర్డరు లేక నేయని బట్టకు పన్ను 12 అయినా 5 అయినా కార్మికుడికి ఒకటే. నూలు పన్ను తగ్గింపును పొగిడేవాళ్లు ఈ మాట కూడా చెప్పాలి.

ఇక బీడీ. ఈ వ్యాసానికి నన్ను కూర్చోబెట్టింది అదే.

1976లో పార్లమెంటు బీడీ కార్మికుల కోసం రెండు చట్టాలు చేసింది: ఒకటి బీడీ మీద సెస్సు వేయడానికి, రెండోది ఆ డబ్బుతో సంక్షేమ నిధి నడపడానికి. చివరి ఏళ్లలో వెయ్యి బీడీలకు 5 రూపాయల చొప్పున సెస్సు వసూలయ్యేది. ఆ నిధి నుంచే కార్మికులకు డిస్పెన్సరీలు, పిల్లలకు స్కాలర్‌షిప్‌లు, ఇల్లు కట్టుకోవడానికి సాయం. కోరుట్ల, మెట్‌పల్లి, జగిత్యాల చుట్టుపక్కల బీడీల ఆదాయం మీద ఆధారపడ్డ ఇళ్లలో పిల్లల చదువుకు ఆ స్కాలర్‌షిప్ ఎంత ఆసరా అయిందో ఆ ఇళ్లవాళ్లను అడగాలి. ఇది పన్నే, కానీ ఎవరి రెక్కల కష్టం మీద వసూలైందో వాళ్ల ఇంటికే తిరిగి చేరే పన్ను.

జీఎస్టీతో పాటు 2017లో ఆ సెస్సును రద్దు చేశారు. పన్నులు తగ్గించి సులభం చేస్తున్నామన్న జాబితాలో అదీ కలిసిపోయింది. దాని స్థానంలో బీడీ మీద 28 శాతం, తునికాకు మీద 18 శాతం జీఎస్టీ వచ్చాయి. సంక్షేమ పథకాలు బడ్జెట్ కేటాయింపుల మీద నడవాల్సిన పరిస్థితి వచ్చింది. అంటే కార్మికుడి పేరు రాసి ఉన్న 5 రూపాయలు పోయాయి, ఎవరి పేరూ లేని 28 శాతం వచ్చింది. పన్ను పెరిగినప్పుడు కంపెనీ ముందు చేసే పని ఏమిటి? ఆకు, తంబాకు ఇచ్చే రోజులు తగ్గించడం. నెలంతా దొరకని పని ఇంకా తగ్గితే, ఆ నష్టం చాట ముందు కూర్చున్న మనిషిదే.

2025 సెప్టెంబరులో మండలి బీడీని 18 శాతానికి, తునికాకును 5 శాతానికి దించాలని నిర్ణయించింది. దీన్ని బీడీ కార్మికులకు మేలు అని చెప్పారు. నాకు మనసు ఒప్పదు. పొగాకు మీద పన్ను తగ్గితే తాగేవాడి ఊపిరితిత్తులకు మేలు లేదు. రోజంతా ఆ ధూళి పీల్చే మా పెద్దమ్మ లాంటివాళ్ల దగ్గు కూడా తగ్గదు. తగ్గిన పది శాతంలో వెయ్యి బీడీల కూలికి ఇంత కలపాలన్న షరతు ఏదీ లేదు. పన్ను తగ్గించేదానికి బదులు అందులో ఒక రూపాయి వంతును పాత సెస్సు లాగా కార్మికుల పేరున విడిగా పెట్టి ఉంటే, ఈ ఆడవాళ్లకు ఆసుపత్రీ దక్కేది, బీడీ నుంచి వేరే పనిలోకి మారడానికి దారీ దొరికేది. పన్ను తగ్గడమే ఊరట కాదని, ఒక్కోసారి పన్ను ఉండి అది సరైన చోటికి చేరడమే ఊరట అని బీడీ చరిత్ర చూపిస్తుంది. తెలంగాణ రాష్ట్రం 2015లో మొదలుపెట్టిన బీడీ కార్మికుల జీవన భృతి ఆ దారిలో వేసిన మంచి అడుగు. వెయ్యి రూపాయలతో మొదలై 2019లో 2,016 రూపాయలయింది. 2014 ఫిబ్రవరి 28 నాటికి పీఎఫ్‌లో పేరుండాలన్న షరతు మాత్రం చాలామందిని బయటే ఉంచింది.

గల్ఫ్ సంగతి క్లుప్తంగా చెప్పుకోవచ్చు. ఏడాదిలో 182 రోజుల కంటే తక్కువ ఇక్కడ ఉన్నవాడు గల్ఫ్‌లో సంపాదించి ఇంటికి పంపే డబ్బుకు ఇక్కడ పన్ను లేదు. 2020 ఫిబ్రవరి 1 నాటి బడ్జెట్‌లో ఏ దేశంలోనూ పన్ను కట్టని భారతీయుణ్ని ఇక్కడి నివాసిగానే లెక్కిస్తామన్న మాట రావడంతో, ఆదాయపు పన్నే లేని గల్ఫ్‌లో పనిచేసేవాళ్లలో భయం పుట్టింది. మరునాడే ఆర్థిక శాఖ వివరణ ఇచ్చింది: అక్కడ నిజంగా పనిచేసుకునేవాళ్ల జీతం మీద పన్ను వేసే ఉద్దేశం లేదని. అక్కడ మాత్రం పన్ను లేదనుకోవద్దు. సౌదీలో 2018లో 5 శాతంతో వచ్చిన వ్యాట్‌ను 2020 జూలై నుంచి 15 శాతం చేశారు. అక్కడ రొట్టె కొన్నా పన్నే. మన వాళ్లు గుర్తుంచుకోవాల్సింది ఒకటుంది: పంపిన డబ్బు ప్రవాసుల కోసం ఉండే ఎన్‌ఆర్‌ఈ ఖాతాలో వేసుకుంటే వడ్డీ మీద ఇక్కడ పన్ను పడదు. వెళ్లేముందు ఉన్న మామూలు పొదుపు ఖాతాలోనే ఏళ్ల తరబడి వేసుకుంటూ పోయేవాళ్లను ఈ పల్లెల్లో ఎందరినో చూశాను. బ్యాంకుకు వెళ్లి ఆ ఎన్‌ఆర్‌ఈ ఖాతా తెరుచుకుంటే అయిపోయే పని అది.

ఇంట్లోకి వచ్చే సరుకుల విషయంలో 2025 సెప్టెంబరు 22 నాటి తగ్గింపు అందరికీ వర్తించింది. తలనూనె, సబ్బు, టూత్‌పేస్టు 18 నుంచి 5 శాతానికి దిగాయి. పిల్లల నోటుపుస్తకాలు, పెన్సిళ్ల మీద పన్ను పోయింది. కుట్టుమిషను, సైకిలు 12 నుంచి 5కు దిగాయి. సిమెంటు 28 నుంచి 18కి తగ్గడం ఇందిరమ్మ ఇల్లు కట్టుకునేవాళ్లకు పనికొచ్చింది. సొంతంగా తీసుకునే ఆరోగ్య, జీవిత బీమాల మీద 18 శాతం పూర్తిగా తీసేశారు. ఇంట్లో ఒక్క ఆసుపత్రి ఖర్చుకే పొలం అమ్ముకున్న కుటుంబాలున్న ఈ ప్రాంతంలో ఇది గొప్ప మార్పు. తగ్గిన పన్ను ధరలో తగ్గిందా లేదా అని చూసే వ్యవస్థ మాత్రం బలహీనపడింది. పన్ను తగ్గాక ధర తగ్గించని వ్యాపారుల మీద ఫిర్యాదులు తీసుకునే లాభాపేక్ష నిరోధక ఏర్పాటు 2025 ఏప్రిల్ 1 నుంచి కొత్త ఫిర్యాదులు తీసుకోవడం ఆపేసింది. ఇప్పుడు మిగిలింది 1915 నంబరు వినియోగదారుల సహాయవాణి. బిల్లు అడిగి తీసుకునే అలవాటు లేని చోట అక్కడ ఏం ఫిర్యాదు చేయగలం?

ఇంతదాకా చెప్పినదంతా ఢిల్లీ మాట. హైదరాబాద్ చేతిలో ఉన్నవాటి గురించి మనం తక్కువ మాట్లాడుతున్నామని నా బాధ. 75 గజాల లోపు చిన్న ఇంటికి ఏడాదికి 100 రూపాయలే ఇంటి పన్ను అని 2019 పురపాలక చట్టంలో రాశారు. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల గల్లీల్లో చిన్న ఇళ్లలో బతికేవాళ్లకు పన్ను ఊరట ఎలా ఉండాలో ఇది చూపిస్తుంది. ఇందుకోసం ఎవరూ ఆదాయపు పన్ను రిటర్ను వేయనక్కర్లేదు. మరి మిగతావి? పెట్రోలు మీద రాష్ట్ర వ్యాట్ 35.20 శాతం, డీజిల్ మీద 27 శాతం. 2021 నవంబరులో కేంద్రం సుంకం తగ్గించినప్పుడు చాలా రాష్ట్రాలు తమ వ్యాట్ కూడా తగ్గించాయి, తెలంగాణ తగ్గించలేదు. 2019 ఏప్రిల్‌లో చిన్న వ్యాపారులు జీఎస్టీలో చేరాల్సిన పరిమితిని 20 లక్షల నుంచి 40 లక్షలకు పెంచుకునే వీలు రాష్ట్రాలకు ఇచ్చారు. ఆంధ్రప్రదేశ్ పెంచుకుంది. తెలంగాణ 20 లక్షల దగ్గరే ఉండిపోయింది. జగిత్యాలలో కిరాణా నడిపే మనిషికీ, కృష్ణా నది అవతల కిరాణా నడిపే మనిషికీ మధ్య ఈ తేడా ఎందుకో అర్థం కాదు.

అన్నిటికంటే చిన్న మొత్తం, అన్నిటికంటే పెద్ద అన్యాయం వృత్తి పన్నులో ఉంది. నెల జీతం 15 వేల వరకు లేదు. 15 వేలు దాటితే నెలకు 150 రూపాయలు, 20 వేలు దాటితే 200. రాజ్యాంగంలోని 276వ అధికరణం ప్రకారం ఏడాదికి 2,500 మించకూడదు కాబట్టి ఆ పైన పెరగదు. అంటే 21 వేలు తెచ్చుకునే ఆసుపత్రి కాంపౌండరు, నెలకు లక్ష తెచ్చుకునే అధికారి ఇద్దరూ కట్టేది ఆ 200 రూపాయలే. ఆ 15 వేల గీత ఉమ్మడి రాష్ట్రం రోజుల నాటిది. అప్పటి నుంచి బియ్యం ధర, గ్యాసు ధర, బడి ఫీజు ఎక్కడికి పోయాయో అందరికీ తెలుసు. కర్ణాటక 2023లో ఈ గీతను 25 వేలకు జరిపింది. మహారాష్ట్ర అదే ఏడాది ఆడవాళ్లకు 25 వేల వరకు మినహాయించింది. రెండూ మన పక్క రాష్ట్రాలే.

పన్నులు తగ్గిస్తే పింఛన్లకు డబ్బెక్కడిది అని అడిగేవాళ్లున్నారు. న్యాయమైన ప్రశ్న. 15 వేలకూ 25 వేలకూ మధ్య జీతగాళ్ల దగ్గర నెలకు 150, 200 వదులుకుంటే రాష్ట్రానికి తగిలే దెబ్బ, ఒక లక్ష కోట్ల ఊరట పక్కన పెట్టి చూస్తే ఎంత? పైగా ఆ డబ్బు ఇంట్లో దాచుకునేది కాదు, ఆ నెలలోనే ఊరి అంగట్లో ఖర్చయ్యేది.

జగిత్యాలలో 16 వేలకు పాఠాలు చెప్పే ఆ పంతులమ్మ దగ్గరికి మళ్లీ వద్దాం. దేశంలో 12 లక్షల వరకు ఆదాయపు పన్ను లేదని టీవీలో విన్న నెలలో కూడా ఆమె జీతం పట్టీలో 150 రూపాయల కోత ఉంది. ఏడాదికి 1,800. ఈ కోత తీసేయడం హైదరాబాద్‌లోనే తేలే పని. ఢిల్లీని అడగక్కర్లేదు, మండలి కూర్చోనక్కర్లేదు. మీ జీతం పట్టీలో కూడా ఆ గడి ఉంటే ఒకసారి చూసుకోండి. మీ ఎమ్మెల్యే ఈసారి వీధిలోకి వచ్చినప్పుడు, 15 వేల గీతను 25 వేలకు ఎప్పుడు జరుపుతారని అడగండి.